పెరటి పక్షుల ఛాయాచిత్రాలు: విస్తరణ విద్య చేపట్టవలసిన సాధనం

వరి కోతలు ముగిసిన తరువాత ఎంచిన కంకులను కుచ్చులుగా అల్లి ఇంటి చూరుకు, గుడి మండపానికి వేలాడదీయడం డెల్టా గ్రామాలలో తరతరాలుగా వస్తున్న ఆచారం. పిచ్చుకలు వచ్చి ఆ గింజలను ఒలుచుకొని తింటాయి. నేడు పట్టణాలలో ఆ కుచ్చు స్థానాన్ని మేడమీది గింజల పళ్లెం, నీటి మూకుడు ఆక్రమించాయి. దానితోపాటు సెల్‌ఫోన్ కెమెరా వచ్చింది. పళ్లెం వద్దకు వచ్చిన పిచ్చుకను, గోరింకను, చిలుకను, ఉడుతను చిత్రించి బంధుమిత్రులకు పంపడం లక్షలాది కుటుంబాలకు నిత్యకృత్యమైంది. వ్యవసాయ శాస్త్రవేత్తలమైన మనం దీనిని కాలక్షేపంగా మాత్రమే చూస్తున్నాం. పంటపొలంలో పక్షి పాత్రను గురించి రైతుకు సలహా ఇచ్చే బాధ్యత మనదే అయినప్పుడు, ఈ అలవాటును క్రమబద్ధమైన పరిశీలనగా మలచవలసిన బాధ్యత కూడా మనదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అయితే పళ్లెం పెట్టడమే పక్షి సంరక్షణ అనే భావనను, ఛాయాచిత్రం దానంతట అదే సమాచారం అవుతుందనే భావనను ముందుగా విడిచిపెట్టాలి.

పక్షి విషయంలో మన సలహాలోని లోటు

తెలుగు రైతుకు పక్షి శత్రువూ, మిత్రుడూ. జొన్న, సజ్జ, కొర్ర చేలలో మంచె వేసుకొని వడిసెల పట్టుకొని కాపలా కాయడం మెట్ట ప్రాంతాల జీవనంలో భాగం. పొద్దుతిరుగుడు పువ్వుమీద, మొక్కజొన్న కండెమీద చిలుకలు చేసే నష్టాన్ని ఏ రైతూ మరచిపోడు. ఈ సమస్యపై రాజేంద్రనగర్ కేంద్రంగా అఖిల భారత వ్యవసాయ పక్షిశాస్త్ర పరిశోధన పథకం చాలాకాలం కృషి చేసింది. మెరుపు రిబ్బన్లు, చేను చుట్టూ ఆచ్ఛాదన పంట, కోడిగుడ్ల ద్రావణం పిచికారీ వంటి హింసలేని పద్ధతులు రైతులకు అందాయి.

మరోవైపు సమగ్ర సస్యరక్షణలో భాగంగా శనగ, కంది, పత్తి చేలలో పక్షి స్థావరాలు నాటమని మనమే చెబుతున్నాం. పంగల కర్ర మీద వాలిన పక్షి శనగపచ్చ పురుగును, పొగాకు లద్దె పురుగును ఏరి తింటుందని దీని ఉద్దేశం. కొన్నిచోట్ల రైతులు పసుపు కలిపిన అన్నాన్ని చేనులో చల్లి పక్షులను పిలుస్తారు. ఆలోచిస్తే ఇది పెరటి గింజల పళ్లేన్ని పొలానికి తీసుకుపోవడమే.

ఇక్కడే మన సలహాలోని లోటు బయటపడుతుంది. స్థావరాలు ఎన్ని నాటాలో కరపత్రంలో ఉంటుంది. వాటిమీద ఏ పక్షి వాలింది, ఏ వేళ వాలింది, ఏమి తిన్నది అన్న ప్రశ్నలకు ఆ మండలానికి చెందిన సమాధానం సాధారణంగా ఉండదు. అన్నం మెతుకులకు వచ్చే కాకి, గోరింక పురుగులనూ తింటాయి. గాలిలో ఎగిరే పురుగును పట్టే ఏట్రింతకు, దుక్కి వెంట నడిచే తెల్లకొంగకు మెతుకులతో పని లేదు. కాబట్టి మెతుకులు చల్లిన చేనులో పక్షులు పెరిగాయన్న మాట నిజమే అయినా, పురుగు తినే పక్షులు పెరిగాయని దాని అర్థం కాదు. ఈ తేడాను గుర్తించాలంటే పక్షిని పేరు పెట్టి పిలవగలగాలి. మన పట్టభద్రులు పురుగు దశలను, కలుపు జాతులను గుర్తించడంలో మంచి శిక్షణ పొందుతున్నారు. అదే చేనులోని పక్షులను గుర్తించడంలో వారికి అటువంటి శిక్షణ అందడం లేదు.

నాడు తుపాకి, నేడు కెమెరా

పక్షి ఏమి తింటుందన్న ప్రశ్న వ్యవసాయ పరిశోధనకు కొత్తది కాదు. భారతదేశంలోని పక్షుల ఆహారంపై మేసన్, మాక్స్‌వెల్ లెఫ్రాయ్ రూపొందించిన గ్రంథాన్ని ఆనాటి వ్యవసాయ శాఖ 1912లో ప్రచురించింది. పూసా పరిశోధనా కేంద్రం పరిసరాలలో పక్షులను చంపి, వాటి జీర్ణాశయాలను కోసి, అందులోని గింజలను, పురుగుల అవశేషాలను లెక్కించి ఆ సమాచారాన్ని కూర్చారు. ఆనాటికి అదే నమ్మదగిన మార్గం.

నేడు పక్షిని చంపకుండానే అందులో కొంతభాగం తెలుసుకోవచ్చు. ముక్కున పురుగుతో కర్రమీద వాలిన ఏట్రింతను స్పష్టంగా చిత్రిస్తే, ఆ పురుగు ఏ కుటుంబానికి చెందినదో కీటక శాస్త్రవేత్త చాలా సందర్భాలలో చెప్పగలడు. ఆ చిత్రంలో తేదీ, వేళ, స్థలం నమోదై ఉంటే అది సాక్ష్యం. అదే పక్షిని రంగులు దిద్ది, నేపథ్యం చెరిపి, తేదీ లేకుండా భద్రపరిస్తే అది కేవలం అందమైన బొమ్మ. ఈ రెండింటికీ తీసిన వారి శ్రమ ఒక్కటే. ఆ శ్రమ రెండవదానికే వెచ్చించబడుతున్నదన్నది నా ఆవేదన.

పిచ్చుక విషయం గమనించండి. గింజలు తినే పక్షిగానే దానికి పేరు. కానీ పిల్లలను పెంచే రోజులలో అది గూటికి మోసుకుపోయేది ఎక్కువగా మెత్తని పురుగులను. చైనాలో 1958లో పిచ్చుకను పంటకు శత్రువుగా ప్రకటించి సంహరించారు. పురుగుల బెడద పెరగడంతో 1960లో దానిని ఆ జాబితానుండి తొలగించవలసి వచ్చింది. ఒకే పక్షి ఒక నెలలో గింజ తిని, మరొక నెలలో పురుగు తింటే, దానిని శత్రువనీ మిత్రుడనీ ముద్ర వేయడానికి ముందు నెలవారీ పరిశీలన అవసరం. అటువంటి దీర్ఘ పరిశీలనకు పొలంకంటె పెరడే అనుకూలం. రోజూ అదే చోట, అదే వేళ, ఖర్చు లేకుండా చూడవచ్చు.

చూడటం వేరు, లెక్కించడం వేరు

పెరటి పరిశీలనను శాస్త్రంగా మార్చిన అనుభవం ఇతర దేశాలలో ఉంది. కెనడాలోని ఆంటారియోలో 1976లో ప్రారంభమైన గింజల పళ్లేల సర్వే, 1987 నుండి కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షిశాస్త్ర కేంద్రం భాగస్వామ్యంతో ప్రాజెక్ట్ ఫీడర్‌వాచ్ పేరిట ఉత్తర అమెరికా అంతటా విస్తరించింది. బ్రిటన్‌లో ఆర్.ఎస్.పి.బి. సంస్థ 1979 నుండి జనవరి నెలలో పెరటి పక్షుల లెక్కింపు నిర్వహిస్తున్నది. అక్కడ పౌరుడు తన తోటలో ఒక్క గంట చూసి లెక్క పంపితే చాలు.

వీటినుండి మనం నేర్వవలసింది ఆడంబరాన్ని కాదు, లెక్కించే నియమాన్ని. ఉదయం పళ్లెం మీదికి మొదట నాలుగు పిచ్చుకలు, కాసేపటికి ఆరు, మరికాసేపటికి మూడు వచ్చాయనుకుందాం. వీటిని కూడితే పదమూడు. కానీ వచ్చినవే మళ్లీ వచ్చి ఉండవచ్చు. అందుచేత ఒకేసారి కంటికి కనిపించిన గరిష్ఠ సంఖ్యను, అంటే ఆరును మాత్రమే నమోదు చేయాలి. ఇంత సులువైన నియమం ఒకే పక్షిని పలుమార్లు లెక్కించే దోషాన్ని నివారిస్తుంది. రెండవ నియమం, ఏ పక్షీ రాని రోజును సైతం నమోదు చేయడం. మన సెల్‌ఫోన్లలో వచ్చిన పక్షి చిత్రం ఉంటుంది గాని, రాని రోజు చిత్రం ఉండదు. తగ్గుదలను పట్టిచ్చేది ఆ ఖాళీ రోజే. మూడవది, ఎంతసేపు చూశామో రాయడం. పది నిమిషాల లెక్కను గంట లెక్కతో పోల్చలేము.

మన దేశంలో ఈ సంస్కృతికి పునాది ఇప్పటికే పడింది. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు జరిగే పెరటి పక్షుల లెక్కింపులో భారతీయులు 2013 నుండి పాల్గొంటున్నారు. ఒకచోట కనీసం 15 నిమిషాలు చూసి, కనిపించిన జాతులను ఈబర్డ్ వేదికలో నమోదు చేయడమే అందులోని పని. ఇటువంటి పౌరుల నమోదులే ఆధారంగా 2020లోను, 2023లోను భారతదేశ పక్షుల స్థితిపై నివేదికలు వెలువడ్డాయి. పిచ్చుక దేశమంతటా అంతరిస్తున్నదని మనం సభలలో చెబుతూ ఉంటాం. 2020 నివేదిక మాత్రం, అది పెద్ద నగరాలలో తగ్గినా దేశం మొత్తం మీద దాదాపు నిలకడగా ఉన్నదని చూపింది. పత్రికల ఆవేదనకూ లెక్కకూ మధ్య ఇంత దూరం ఉండగలదు.

తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట సంగతి ఇంకా గుణపాఠం. మెట్ట పొలాల తీగలమీద, కర్రలమీద కూర్చొని నేలమీది పురుగును పట్టే ఈ పక్షి మనకు చిరపరిచితం. దాని సంఖ్య తగ్గుతున్న తీరు దృష్ట్యా, అంతర్జాతీయ ఎర్ర జాబితాలో దాని స్థానాన్ని పునఃపరిశీలించాలని 2023 నివేదిక సూచించింది. పాలపిట్ట ఏ గింజల పళ్లెం వద్దకూ రాదు. పళ్లెం వద్దకు పిచ్చుకలు నిండుగా వచ్చినంత మాత్రాన ఊరి పక్షులన్నీ క్షేమమని చెప్పలేమనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. పళ్లెం వద్ద కన్ను అలవాటు చేసుకొన్న విద్యార్థి అక్కడే ఆగిపోక పొలం గట్టుకు నడవాలి. పెరడు అభ్యాసానికి, పొలం అన్వయానికి.

పళ్లెం వలన కలిగే కీడు

గింజలు పెట్టడం పుణ్యకార్యమనే భావన మనలో బలంగా ఉంది. అందువలన దాని కీడును గురించి మాట్లాడేవారు తక్కువ. విస్తరణ శాస్త్రవేత్త దీనిపై మౌనంగా ఉండరాదు.

1994 తొలి నెలలలో అమెరికా రాజధాని పరిసరాలలో పళ్లేల వద్దకు వచ్చే హౌస్ ఫించ్ పక్షులకు కళ్లు వాచి మూసుకుపోవడం కనిపించింది. కారణం మైకోప్లాస్మా గాలిసెప్టికమ్. కోళ్లలో దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధిని కలిగించే ఆ సూక్ష్మజీవి మన పశువైద్యులకు సుపరిచితం. అది అడవి పక్షికి సోకి, తూర్పు అమెరికాలో ఆ జాతిని తీవ్రంగా దెబ్బతీసింది. వ్యాధి వ్యాపించిన తీరును పళ్లేల వద్ద చూసే పౌరులు పంపిన నమోదులే తేటతెల్లం చేశాయి. బ్రిటన్‌లో 2005 నుండి ట్రైకోమోనాస్ పరాన్నజీవి వలన గ్రీన్‌ఫించ్ జాతి భారీగా క్షీణించింది. పక్షులు ఒకేచోట గుమిగూడి, ఒకదాని ఎంగిలి మరొకటి తినడం వ్యాప్తికి దోహదం చేసింది. ఈ కారణంగానే ఆర్.ఎస్.పి.బి. 2025లో బల్లపరుపుగా ఉండే పళ్లేల అమ్మకాన్ని నిలిపివేసింది. మనవాళ్లు సాధారణంగా వాడేది ఆ బల్లపరుపు పళ్లేన్నే.

మన పరిస్థితిలో ఆందోళన ఇంకా ఎక్కువ. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. గ్రామాలలో పెరటి కోళ్లు తినే చోటనే కాకులకు, పావురాలకు కూడా గింజలు చల్లుతారు. నీటి తొట్టి సైతం ఒక్కటే. అడవి పక్షికీ పెరటి కోడికీ మధ్య దూరం లేకపోతే వ్యాధి ఎటునుండి ఎటైనా ప్రయాణించగలదు. పెరటి కోళ్ల పెంపకం మీద ఆధారపడిన మహిళకు ఇది జీవనోపాధి ప్రశ్న.

ఇతర కీడులూ ఉన్నాయి. రాలిన గింజ ఎలుకను, ఎలుక పామును ఇంటి వద్దకు తెస్తాయి. కోతుల బెడద ఉన్న తెలంగాణ గ్రామాలలో పండ్లు, గింజలు బయట పెట్టడం కోతులకు ఆహ్వానం. నగరాలలో ఎడతెగకుండా గింజలు చల్లడం వలన పావురాలే పెరిగి ఇతర పక్షులకు చోటు తగ్గుతుంది. వీటన్నిటిని దృష్టిలో ఉంచుకొని కింది జాగ్రత్తలను మన సలహాలలో చేర్చాలి.

1. విత్తనశుద్ధి చేసిన గింజలను ఎట్టి పరిస్థితిలోను పక్షులకు వేయరాదు. విత్తగా మిగిలిన రంగు గింజలను పెరటిలో పారబోసే అలవాటు కోళ్లకూ, పక్షులకూ ప్రాణాంతకం.
2. బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్న గింజలు వాడరాదు. అఫ్లాటాక్సిన్ పక్షులకూ విషమే. ఉప్పు, నూనె కలిసిన తినుబండారాలు పెట్టరాదు.
3. ఆ పూటకు తినే పరిమాణంలోనే వరి, సజ్జ, కొర్ర గింజలు పెట్టాలి. వేలాడే కుచ్చులో గింజ రెట్టతో కలియదు గనుక బల్లపరుపు పళ్లెంకంటె కంకుల కుచ్చు మేలు.
4. పళ్లేన్ని, నీటి మూకుడును కడిగి ఎండబెట్టాలి. నీటిని రోజూ మార్చితే దోమ పిల్లలు పెరగవు.
5. కోళ్ల మేత స్థలానికి, గూటికి దూరంగా మాత్రమే అమర్చాలి. సమీపంలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినా, జబ్బుపడిన లేదా చనిపోయిన పక్షి కనిపించినా మేత పెట్టడం ఆపి పశువైద్యునికి తెలియజేయాలి. చనిపోయిన పక్షిని చేతితో తాకరాదు.

వీటన్నిటికంటె ముఖ్యమైనది, గింజకంటె చెట్టు విలువైనదన్న సత్యం. అనంతపురం ప్రాంతంలోని వీరాపురంలో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కొంగలు ఏటా వచ్చి ఊరి చెట్లమీదనే గూళ్లు కడుతున్నాయి. గ్రామస్థులు వాటికి పళ్లెంలో మేత పెట్టలేదు. గూడుకు చెట్టును మిగిల్చారు, వేటగాడిని ఊరిలోకి రానివ్వలేదు. గట్టుమీది తుమ్మ, వేప, తాటి చెట్టును నరికివేసి, మేడమీద గింజల పళ్లెం పెట్టి ప్రయోజనం లేదు.

చిత్రం తీయడంలో మర్యాద

మంచి చిత్రం కోసం గూటి చుట్టూ కొమ్మలు కత్తిరించడం, పిల్లలున్న గూటి దగ్గరగా నిలబడటం, పక్షి అరుపును ఫోన్‌లో వినిపించి రప్పించడం, రాత్రి గుడ్లగూబపై ఫ్లాష్ వేయడం మానాలి. గూడు బయటపడితే దానిని ముందుగా చూసేది కాకి, పిల్లి. చిలుక పిల్లలున్న చెట్టు తొర్ర స్థలాన్ని బహిరంగంగా తెలియజేయడం వేటగాడికి దారి చూపడమే. చిలుకను పట్టి పంజరంలో ఉంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని గ్రామసభలలో మనం చెప్పాలి. పరిశోధనకు ఉపకరించే చిత్రానికి అందం అవసరం లేదు. పక్షి ముక్కు, రెక్క, తోక తెలిసేలా, అది వాలిన పంట లేదా చెట్టు కనిపించేలా ఉంటే సరిపోతుంది. అందుకు ఖరీదైన కటకమూ అవసరం లేదు.

ఆచరణకు కొన్ని ప్రతిపాదనలు

మొదటిది, చివరి సంవత్సరం విద్యార్థులు గ్రామాలలో నివసించే కార్యానుభవ కార్యక్రమంలో పక్షి పరిశీలనను చేర్చాలి. బస చేసిన ఇంటి పెరటిలో వారానికి రెండు ఉదయాలు 20 నిమిషాల చొప్పున, పక్షి స్థావరాలు నాటిన ఒక చేనులోను, నాటని ఒక చేనులోను అంతే సమయం చొప్పున చూడాలి. పక్షి పేరు, ఒకేసారి కనిపించిన గరిష్ఠ సంఖ్య, చేసిన పని, వీలైతే ముక్కులోని ఆహారపు చిత్రం నమోదు చేయాలి. అదే చేలలో పురుగుల లెక్క విద్యార్థి ఎలాగూ తీస్తాడు. రెండు లెక్కలను పక్కపక్కన ఉంచడమే అదనపు పని.

చిత్రాలతో పురుగు అదుపయిందని నిరూపించలేమన్న ఆక్షేపణ సహేతుకమే. పక్షి వచ్చింది, తిన్నది అనే వరకే చిత్రం సాక్ష్యం. అదుపు ఎంత అనేది తేల్చడానికి పక్షులు చొరకుండా వల కప్పిన మడిని, కప్పని మడితో పోల్చే ప్రయోగం కావాలి. ఆ ప్రయోగాన్ని ఏ గ్రామంలో, ఏ నెలలో, ఏ పక్షిని దృష్టిలో ఉంచుకొని వేయాలో చెప్పగలిగేది విద్యార్థుల నమోదే. పరిశోధనా కేంద్రానికి ఈ సమాచారం వేరే మార్గంలో ఇంత తక్కువ ఖర్చుతో లభించదు.

రెండవది, ప్రతి కృషి విజ్ఞాన కేంద్రం తన ఆవరణలోనే ఒక శాశ్వత పరిశీలన స్థలాన్ని ఏర్పరచి, సంవత్సరం పొడవునా లెక్క నమోదు చేయాలి. ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇందులో ఏమి చేయగలదో కేరళ చూపింది. అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, పక్షి ప్రేమికుల సంఘాలు, వెయ్యికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి 2015 నుండి 2020 వరకు పనిచేసి రాష్ట్ర పక్షుల అట్లాసును రూపొందించారు. తమిళనాడులో పొంగల్ నాడు పక్షుల లెక్కింపు జరుగుతున్నది. చూరుకు కంకుల కుచ్చు కట్టే మన సంక్రాంతికి అటువంటి లెక్కింపు ఎంతో సహజంగా అమరుతుంది.

మూడవది, పేర్ల సేకరణ. నెల్లూరులో వైద్యునిగా పనిచేసిన జెర్డన్ 1862–64 మధ్య వెలువరించిన భారతీయ పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లను సైతం నమోదు చేశాడు. నేడు ఆ పేర్లలో పెక్కు వాడుకలోనుండి జారిపోతున్నాయి. ఒకచోట ఏట్రింత అన్న పక్షిని మరొకచోట పసుల పోలిగాడు అంటారు. గొర్రెల కాపరికి, మంచె మీది రైతుకు చిత్రం చూపి పేరు అడిగితే, పేరుతోపాటు ఆ పక్షి నడవడి కూడా చెబుతారు. విస్తరణ విద్యలో రైతునుండి నేర్చుకోవడం గురించి మనం రాసే మాటలకు ఇది ఆచరణ. రైతు పేరు పెట్టిన పక్షిని గురించి, అతని చేనులోనే తీసిన చిత్రంతో ఇచ్చే సలహాకు కరపత్రానికి లేని విలువ ఉంటుంది.

ముగింపు

పెరటి పళ్లెం వద్ద ఛాయాచిత్రాలు తీసే అలవాటును మనం ప్రారంభించలేదు, ఆపలేము కూడా. దానికి తేదీ, వేళ, లెక్క, పరిశుభ్రత అనే నాలుగు నియమాలను జోడించడం మాత్రం మన చేతిలో ఉంది. పక్షి స్థావరాలు నాటమని చెప్పే ప్రతి శాస్త్రవేత్తకూ తన మండలంలో వాటిమీద వాలే పక్షుల జాబితా అందుబాటులో ఉండాలి. రాబోయే రబీలో శనగ, కంది సాగయ్యే గ్రామాలలో బస చేయనున్న విద్యార్థులతో ఈ జాబితాల తయారీని ప్రారంభించవలసిందిగా విస్తరణ, కీటక శాస్త్ర విభాగాలకు ఈ వ్యాసకర్త మనవి.